నూనె తూటా

ఇరవయ్యారేళ్ళుగా తోర్గేర్ బ్రెక్కే మనసులో ఒక సందేహం ఉంది. ప్రార్థనామందిరంలో తోటివాళ్ళకి గానీ, ఇంట్లో భార్యకి గానీ ఆయన దాన్ని ఎప్పుడూ చెప్పుకోలేదు. తను పట్టుకున్న దోషులంతా నిజంగా దోషులేనా? లేక, లెక్క సరిపోయింది కదా అని తను వెతకడం ఆపేసిన చోట దొరికిపోయినవాళ్ళా? స్కోర్‌డాల్ లోయకి ఆయన లెన్స్‌మన్, అంటే అక్కడి పోలీసులకి పెద్ద. ఆదివారాలు మందిరంలో వాక్యం చదివేది కూడా ఆయనే. ఈ ప్రశ్నని దేవుడి ముందు చాలాసార్లు పెట్టాడు. జవాబు రాలేదు.

ఈ గురువారం ఉదయం లెక్క మళ్ళీ సరిపోయింది. ఆయనకి మనశ్శాంతి లేకపోవడానికి కారణం అదే.

కిందటి శనివారం ఉదయం తొమ్మిదీ పదికి, ఊరి తుపాకి గురి మైదానంలో స్వెర్రె మోయెన్ ఆరోజుకి తన మొదటి తూటా పేల్చాడు. రైఫిల్ వెనక భాగం బద్దలై, మంటా ఇత్తడి ముక్కలూ అతని మొహంలోకి కొట్టాయి. కుడికన్ను పోయింది. దవడ విరిగింది. ఆస్పత్రిలో మత్తిచ్చి పడుకోబెట్టారు, ఇంకా రెండు రోజులదాకా లేపేది లేదన్నారు. అతని ముందున్న తూటాల పెట్టె ఓషిల్డ్ హౌగే ఇచ్చింది. అందులోని తూటాలన్నీ ఆమె చేత్తో నింపినవే.

ఆ పెట్టెని పరీక్షించిన నివేదిక ఈ ఉదయమే వచ్చింది. యాభై గుంటల పెట్టె. ఒకటి పేలింది, నలభై తొమ్మిది మిగిలాయి. ఆ నలభై తొమ్మిదీ విప్పి తూచారు. అన్నిట్లోనూ మందు ఒకే తూకం. పేలిన దాని ఇత్తడి గుల్ల మాత్రం ముక్కలై, అడుగున ముద్ర చెదిరి, లోపల ఒత్తిడి ఉండాల్సినదానికి ఎంతో మించిపోయిందని చెబుతోంది.

"నలభై తొమ్మిది మంచివి, ఒకటి విషం" అంది వీబెకె స్టాంగ్ కాగితం బల్లమీద పెడుతూ. రాజధాని నుంచి మూడు రోజుల కిందట వచ్చిన పరిశోధకురాలు ఆమె. "కేసు చాలా శుభ్రంగా ఉంది, బ్రెక్కే గారూ. పిలిపించండి."

గోడ గడియారంలో పదకొండు.

ఓషిల్డ్ వచ్చి కుర్చీలో కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఊళ్ళో గడియారాలు బాగుచేస్తుంది. చూపుడువేలికి కంచు రంగు మరక ఎప్పుడూ ఉంటుంది. మూడు రాత్రులుగా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి.

"స్వెర్రెకి నువ్వెందుకు తూటాలు నింపుతున్నావ్?" అన్నాడు బ్రెక్కే. జవాబు ఆయనకి తెలుసు. స్టాంగ్ వినాలని అడిగాడు.

"మూడొందల మీటర్ల అవతల ఈగ వాలినా ఆయనకి కనిపిస్తుంది. ముక్కు కింద ఉన్న త్రాసు ముల్లు కనిపించదు. రెండేళ్ళుగా నేనే నింపుతున్నాను."

"ఈసారి ఎన్నాళ్ళు పట్టింది?"

"ఆరువారాలు. మార్చిలో ఆయన తుపాకికి కొత్త గొట్టం బిగించుకున్నాడు. పాత గొట్టానికి కుదిరిన తూటా కొత్తదానికి కుదరదు కదా. మొదట్నించీ మొదలెట్టాలి. ఐదు తూటాలు పేల్చి చూడ్డం, తూకం వెంట్రుకంత మార్చడం, మళ్ళీ ఐదు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా అదే ధ్యాస."

స్టాంగ్ కిటికీ దగ్గర్నించి కదిలింది. "జిల్లా జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. మీరిద్దరూ పోటీపడ్డారు. ఆయనకొచ్చింది. ఔనా?"

"ఔను."

"ఆయన మీమీద గెలిచింది మీరు నింపిన తూటాలతోనే."

"ఔను."

"ఆ బుధవారం కాఫీ దగ్గర మీరు ఆయనతో ఏమన్నారు? పదకొండుమంది విన్నారు."

ఓషిల్డ్ తలదించుకుంది. "ఏదో ఒకరోజు నీ తుపాకే నీకు బుద్ధి చెబుతుంది అన్నాను. అన్నానండీ, లేదనను. గెలిచిన కప్పు చేతికివ్వగానే 'అంతా ఈ చేతి మహిమే' అని తన చెయ్యి తనే ముద్దుపెట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాపేరు నోటమ్మట రాలేదు. కోపం రాదా?"

"మూడు రోజుల తరవాత ఆయన మొహం పేలిపోయింది."

"కోపమొస్తే నేను అరుస్తాను. అక్కడితో అయిపోతుంది. కోపంగా ఉన్నరోజు త్రాసు దగ్గరికి కూడా వెళ్ళను. గట్టిగా ఊపిరి వదిలితే చాలు, ముల్లు కదిలిపోతుంది."

"అంటే, మీ చేతిలో మందు పొరపాటున ఎక్కువ పడే ప్రసక్తే లేదు."

"లేదు."

"నిశ్చయంగా?"

"తలమీద చెయ్యిపెట్టి చెబుతాను. నా చేతిలో జరగదు."

స్టాంగ్ బ్రెక్కే వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "విన్నారుగా. పొరపాటు కాదని ఆమే అంటోంది."

తనేం అన్నదో ఓషిల్డ్‌కి అప్పుడు అర్థమైంది. "తోర్గేర్, నేనలా అనలేదు! నాకసలు ఏం జరిగిందో అర్థం కావడంలేదు. ఐదు రోజులుగా తలలో ఆ పెట్టెంతా మళ్ళీ నింపుతున్నాను. ఒక్కొక్కటీ, ఒక్కొక్కటీ. ఎక్కడా తేడా లేదు. మిగిలినవాటిలో ఏముందో చెప్పండి, అదైనా తెలుసుకోనివ్వండి."

"ప్రశ్నలు మేం అడుగుతాం" అంది స్టాంగ్.

"నన్ను తీసుకెళ్తారు. రేపు వదిలేసినా అంతే. ఈ లోయలో మళ్ళీ ఎవరైనా నాకు గడియారం ఇస్తారా? నాకున్నది ఈ చెయ్యొక్కటే. దీన్ని నమ్మకపోతే నేనేం చేసుకుని బతకను?"

ఆమెని పక్కగదికి పంపారు.

తలుపు మూసుకోగానే స్టాంగ్ కోటు తీసుకుంది. "రెండింటికి కారు వస్తుంది. మూడున్నరకల్లా జడ్జి ముందుంచుతాను."

"ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడడంలేదు" అన్నాడు బ్రెక్కే. "ఒకడి మొహం పేల్చాలనుకుంటే, యాభైలో ఒక్కటే ఎందుకు చెడగొట్టాలి? అది పోటీలో వస్తుందో, ఇంకెప్పుడు వస్తుందో. అతను ఇంకొకరికి అప్పిస్తే వాళ్ళ మొహంలో పేలుతుంది. గడియారం బాగుచేసే మనిషి చేసే పనేనా ఇది?"

"ఒకటి చాలు కాబట్టి ఒకటి. పైగా అన్నీ చెడగొడితే దొరికిపోతుంది. ఇందులో అర్థంకానిదేముంది?"

"మొదటి తూటాకే ఎందుకు పేలింది?"

"యాభైలో ఏదో ఒకటి మొదటిది కావాలి కదా!" ఆమె గొంతు తగ్గించింది. "చూడండి, ఆమె మీ క్లబ్బు మనిషి. మీరూ ఒకప్పుడు అక్కడ కప్పులు గెలిచినవాళ్ళే. ఆదివారం పోటీలకీ ఆరాధనకీ పొంతన కుదరక ఐదేళ్ళ కిందట తుపాకి అమ్మేశారట. ఊళ్ళో అంతా ఎంతో గౌరవంగా చెప్పారు. కానీ ఇక్కడ అభిమానాలకి చోటులేదు."

"చోటుండకూడదు" అన్నాడు బ్రెక్కే. "ఆమె నేలమాళిగ మళ్ళీ ఒకసారి చూసొస్తాను."

"మావాళ్ళు చూశారు. జాబితా రాశారు. సీలు వేశారు."

"సీలు వేసింది నా కార్యాలయం ముద్రతోనే కదా. నేనే విప్పి నేనే మళ్ళీ వేస్తాను."

"మీ భోజనం వేళ, మీ ఇష్టం. రెండింటికి మాత్రం నన్ను ఆగమనకండి."

పన్నెండుకి పది నిమిషాలుండగా ఆయన ఓషిల్డ్ ఇంటి కింద గదిలో దీపం వేశాడు.

గదిలో అనవసరమైన వస్తువు ఒక్కటీ లేదు. గాజు పెట్టెలో త్రాసు. బల్లకి బిగించిన చిన్న మర, గుండుని గుల్లలోకి దించడానికి. బల్లమీద మందు డబ్బా ఒకే ఒక్కటి. మిగిలినవన్నీ తాళం వేసిన అలమారలో ఉన్నాయి. రెండు డబ్బాలు ఒకేసారి బల్లమీదికి రాకూడదన్నది నింపేవాళ్ళ మొదటి నియమం, ఏదో ధ్యాసలో ఒకదాంట్లో మిగిలింది ఇంకోదాంట్లో పొయ్యకుండా. బ్రెక్కే కూడా ఇరవయ్యేళ్ళు అలాగే చేశాడు.

గోడమీద వరసగా గురి కాగితాలు. ఒక్కోదానిమీద ఐదు చిల్లులు, కింద తేదీ, తూకం. మార్చి నెలవి చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏప్రిల్లో చిల్లులు ఒకదానివైపు ఒకటి జరిగాయి. మే మొదటివారం కాగితంమీద ఐదూ ఒకే చిల్లులా కలిసిపోయాయి, వేలిగోరు పెడితే మూసుకుపోయేంత. బ్రెక్కే తన వేలిగోరు దానిమీద పెట్టి చూశాడు. ఒక మనిషిని చంపాలనుకున్న చెయ్యి అతనికోసం ఇంత పని చేస్తుందా? చెయ్యదని ఎలా చెప్పగలం? ద్వేషం కూడా ఓపికగా పనిచెయ్యగలదు. అది ఆయన చూశాడు.

నోటు పుస్తకం తెరిచాడు. "కొత్త గొట్టం. గొంతు బిగువు. గుండు బాగా లోపలికే ఉండాలి. తూకం పెంచొద్దు." గొంతంటే గొట్టం మొదట్లో, గుండుని గిర్రున తిప్పే లోపలి చాళ్ళు మొదలయ్యే చోటు. వందలసార్లు పేలితే అది అరిగి ముందుకి జరుగుతుంది. కొత్త గొట్టంలో చాళ్ళు దగ్గరగా ఉంటాయి. గుండు వాటికి ఒరుసుకుంటే ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. ఇన్ని జాగ్రత్తలు రాసుకుంది. అయినా పేలింది. ఎలా?

అలమారలో ఆరు పెట్టెలున్నాయి. సీలు వేసినవాళ్ళు అతికించిన జాబితాలో "పెట్టెలు ఆరు, తూటాలు మూడు వందలు" అని ఉంది.

ఆయన ఒక పెట్టె మూత తీశాడు. చివరి గుంటలో తూటా లేదు. చుట్టిన చిన్న కాగితం దూర్చి ఉంది.

రెండోది తీశాడు. అందులోనూ అంతే. మూడోదీ అంతే. ఆరు పెట్టెల్లోనూ యాభయ్యో గుంటలో తూటాకి బదులు కాగితం. ఎవరైనా పెట్టెకొకటి చొప్పున దొంగిలించారా? ఒక కాగితం విప్పాడు. ఓషిల్డ్ రాత: "ఒకటి విప్పి చూశాను. సరిగ్గా ఉంది." కింద తేదీ.

నోటు పుస్తకం వెనక్కి తిప్పాడు. ప్రతి పెట్టెకీ ఒకే వాక్యం రాసి ఉంది. నింపినవి యాభై, విప్పినది ఒకటి, పెట్టెలో నలభై తొమ్మిది. స్వెర్రెకి ఇచ్చిన పెట్టె దగ్గరా అదే వాక్యం; అందులోని కాగితం చుట్ట అతను తీసి పారేసి ఉంటాడు. పని అయ్యాక ఒక తూటాని మళ్ళీ ఊడదీసి, తన చేతిని తనే తనిఖీ చేసుకోవడం ఆమె అలవాటు. అది ఆమెకి ఎంత సహజమంటే, ఎవరికైనా చెప్పాలని కూడా తోచలేదు. వీళ్ళు "పెట్టె ఇచ్చావా" అని అడిగారు. ఆమె "ఇచ్చాను" అంది.

బ్రెక్కే మర పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుని మళ్ళీ లెక్కవేశాడు.

ఆమె ఇచ్చింది నలభై తొమ్మిది. అందులో ఒకటి పేలితే నలభై ఎనిమిది మిగలాలి. కానీ నివేదికలో నలభై తొమ్మిది ఉన్నాయి. అంటే ఆమె పెట్టెలోంచి స్వెర్రె ఒక్క తూటా కూడా తియ్యలేదు. పేలింది వేరే ఎక్కడినుంచో వచ్చింది.

ఎక్కడినుంచి? ఈ లోయలో అందరి గురి తుపాకులదీ ఒకే కొలత. ఎవరి తూటా అయినా ఎవరి తుపాకిలోనైనా పడుతుంది. కానీ స్వెర్రెలాంటివాడు ఇంకొకరు నింపింది తన గొట్టంలో పెడతాడా? పెట్టడు. చస్తే పెట్టడు. మరి పెట్టాడు కదా! ఆమె దోషి కాదని తెలుస్తోంది గానీ, అక్కణ్ణించి ముందుకి దారి కనిపించడంలేదు.

నోటు పుస్తకాన్నీ, ఒక పెట్టెనీ చంకలో పెట్టుకుని, మళ్ళీ సీలువేసి కారెక్కాడు.

పన్నెండూ నలభైకి ఆయన మైదానం దగ్గరున్న చెక్కగదిలో ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ హల్‌స్టైన్ అక్కడ గురి బల్లల చిల్లులకి కాగితం ముక్కలు అతికిస్తున్నాడు. ముప్పయ్యేళ్ళుగా కాల్పుల వరస నడిపించేది ఆయనే. ఆయన సరే అంటేగానీ ఎవరూ తుపాకిలో తూటా పెట్టకూడదు.

"కాఫీ కావాలా, లెన్స్‌మన్? వాఫెల్‌లు మాత్రం లేవు. శనివారం నుంచి ఎవరికీ తినబుద్ధి కావడంలేదు."

"నాకు టైము లేదు, పెద్దాయనా. శనివారం స్వెర్రె పక్కన నువ్వు ఎంత దూరంలో ఉన్నావ్?"

"రెండడుగులు. నా చెవిలో ఇంకా గంట మోగుతూనే ఉంది."

"అతను పేల్చిన తూటా ఎక్కడినుంచి తీశాడు?"

"ఆ పట్నపావిడ అడిగింది, ఓషిల్డ్ పెట్టె ఆయన ముందుందా అని. ఉంది అన్నాను."

"ఆవిడ అడిగింది సరే. నేనడిగేది వేరు. తూటా ఎక్కడినుంచి తీశాడు?"

ముసలాయన చేతిలో జిగురు కుంచె ఆగింది. "చొక్కా జేబులోంచి."

"జేబులోంచా! ఐదు రోజులుగా ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎవరైనా అడిగారా? అయినా అది నూనె తూటా. దాన్నెవడు లెక్కపెడతాడు?"

బ్రెక్కే నుదురు కొట్టుకున్నాడు. నూనె తూటా! ఇంట్లో పెట్టేముందు తుపాకి గొట్టానికి నూనె రాస్తారు. మైదానానికి వచ్చాక ఎంత తుడిచినా కొంచెం పొర మిగులుతుంది. అందుకని మొదటి తూటా గురికి పోదు. దాన్ని ఊరికే మట్టిగట్టులోకి పేల్చి గొట్టం శుభ్రం చేసుకుంటారు. పాయింట్లుండవు, ఎవరూ రాసుకోరు. ఆరువారాలు కష్టపడి నింపిన తూటాని దానికి పాడుచేసుకోడానికి ఎవరికీ మనసొప్పదు. ఎక్కడో మిగిలిపోయిన ఒంటి తూటా ఏదైనా ఉంటే దాన్ని అలా వదిలించుకుంటారు. ఆయన కూడా వెయ్యిసార్లు అదే చేసి ఉంటాడు.

"ఆ జేబులో తూటా ఎవరిది?"

"నాకేం తెలుసు? తళతళా మెరుస్తోంది. పెళ్ళికి తోమినట్టు. అది నాకు చూపించి నవ్వాడు. 'చూశావా హల్‌స్టైన్, తొమ్మిదేళ్ళకి ఇల్లు చేరింది' అన్నాడు. తూటా పెట్టి వెనక బోల్టు మూసేటప్పుడు కొంచెం బిగిసినట్టుంది, అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. అంతే."

బోల్టు బిగిసింది. అంటే గుండు బయటికి పొడుగ్గా ఉంది. కొత్త గొంతులో చాళ్ళకి గుచ్చుకుంది. ఎవరిదో అరిగిపోయిన పాత గొట్టానికి కుదిర్చిన తూటా అది.

"తొమ్మిదేళ్ళకి ఇల్లు చేరడమంటే?"

"అప్పిచ్చిన తూటా అయ్యుంటుంది. పోటీలో తక్కువపడితే పక్కవాడి దగ్గర ఒకటి పుచ్చుకుంటాం, మళ్ళీ ఇచ్చేస్తాం. ఇది మనకి కొత్తా? ఎగ్గొట్టినవాడు ఈ మైదానంలో లేడు."

"స్వెర్రె ఎవరెవరికి అప్పిచ్చాడో గుర్తుందా?"

హల్‌స్టైన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "స్వెర్రె అప్పివ్వడమా! కాఫీలోకి చక్కెర పలుకు అడిగితే మొహం అటు తిప్పుకుంటాడు. వాడి జన్మలో ఒక్కసారే ఒకరికి..."

ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఎవరికి?" అన్నాడు బ్రెక్కే.

"నీకే కదయ్యా. జిల్లా పోటీ ఆఖరి వరసలో నీ తూటా ఒకటి, అడుగున మందుని రాజేసే రంజకం అంటుకోక, పేలకుండా మొరాయించింది. నువ్వు చెయ్యి చాపావు, వాడు ఇచ్చాడు. దాంతోనే కప్పు కొట్టావు. ప్రతి ఆదివారం మందిరంలో కాఫీ దగ్గర వాడు మీ ఆవిడ బెరిత్‌ని ఏడిపిస్తూనే ఉంటాడుగా."

ఆరోజు స్వెర్రె ఇచ్చింది కొట్లో కొన్న తూటా, అది బ్రెక్కేకి గుర్తుంది. వేళాకోళమూ గుర్తుంది. ఎన్నోసార్లు విని, నవ్వి, పక్కకి తప్పుకున్నాడు. "నేను తిరిగివ్వలేదు, హల్‌స్టైన్."

"ఇవ్వలేదని లోయంతటికీ తెలుసు."

"ఐదేళ్ళుగా నా దగ్గర తుపాకే లేదు."

"మరి నాకేం అర్థం కావడంలేదు" అన్నాడు ముసలాయన. ఈసారి ఆయన బ్రెక్కే కళ్ళలోకి చూడలేదు.

ఒంటిగంటా ఇరవై. ఇంట్లో బెరిత్ ఉడికించిన చేపముక్కలు బల్లమీద పెట్టి, ఆయనకోసం కూర్చుని ఉంది. ఆయన టోపీ తియ్యకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"స్వెర్రెకి నువ్వేమైనా ఇచ్చావా?"

"పువ్వులు పంపానుగా. చూడ్డానికి ఎవర్నీ రానివ్వడంలేదట."

"అంతకుముందు. శనివారానికి ముందు."

"ఓ, అదా!" ఆమె మొహం వికసించింది. "శుక్రవారం సాయంత్రం మందిరంలో. మళ్ళీ మొదలెట్టాడు. పాస్టరుగారి భార్య ముందు, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ముందు. 'లెన్స్‌మన్ పెళ్ళామా, మా ఒక్క తూటా ఎప్పుడిస్తారు? వచ్చే జన్మలోనా?' అంటాడు. తొమ్మిదేళ్ళు, తోర్గేర్! ఎన్నాళ్ళని నవ్వుతూ ఊరుకోను? అదేదో తేల్చేద్దామని అప్పటికే సంచీలో పెట్టుకుని వెళ్ళాను. చేతిలో పెట్టాను. ఇంక నోరుమూసుకో అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వాడు కూడా."

"నీకు తూటా ఎక్కడిది?"

"కింద పాత స్కేటింగ్ బూట్ల అలమారలో నీ డబ్బా ఉంది కదా. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి ఏరి, మసిగా ఉందని వెండి చెంచాలు తోమే పొడి వేసి శుభ్రంగా రుద్దాను." ఆయన మొహం చూసి ఆమె ఆగింది. "ఏమైంది?"

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"పేలింది ఓషిల్డ్ పెట్టెలోదని నువ్వే కదా చెప్పావు? ఇందులో నాకు చెప్పడానికేముంది?"

అవును. తనే చెప్పాడు. శనివారం సాయంత్రం, ఇదే బల్లదగ్గర.

ఆయన కిందికి దిగాడు. బూట్ల వెనక రేకు డబ్బా ఉంది, మూతకి తాళం లేదు. మూతమీద తన రాతే: "నా గొట్టానికి మాత్రమే." రైఫిల్ అమ్మినప్పుడు ఈ డబ్బా సంగతే మర్చిపోయాడు. లోయలో ఇంటింటికీ వెళ్ళి, తూటాలు తాళంలో పెట్టారా లేదా అని చూసేది ఆయనే. కిందటేడు ఒక రైతుని దీనికే మందలించాడు.

ఒక తూటా తీసి వెలుతుర్లో పెట్టాడు. గుండు ఎంత పొడుగ్గా బయటికొచ్చి ఉందో చూశాడు. ఇరవయ్యేళ్ళలో గొంతు అరిగి ముందుకి జరిగినకొద్దీ ఆయన గుండుని బయటికి లాగుతూ వచ్చాడు. తూకం కొంచెం కొంచెం పెంచుతూ వచ్చాడు. ఆ గొట్టంలో అవి అద్భుతంగా పేలేవి. ఐదూ ఒకే చిల్లులో పడేవి. ఎంత గర్వంగా ఉండేదో! ఇలాంటిదాన్ని నూనె పొర ఉన్న కొత్త గొట్టంలో, అరచేత్తో కొట్టి బిగిస్తే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు.

ఆయన డబ్బాతో పైకొచ్చేసరికి బెరిత్ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి అర్థమవుతోంది.

"తోర్గేర్, నావల్లేనా? నేనేం చేశాను?"

"నువ్వు ఇవ్వాల్సింది ఇచ్చావు" అన్నాడు. ఆమె తలమీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచాడు. "చేపముక్కల మీద మూతపెట్టు. ఆలస్యమవుతుంది."

రెండింటికి మూడు నిమిషాలుంది. కార్యాలయం ముందు కారు ఇంజను నడుస్తోంది. వెనకసీట్లో ఓషిల్డ్ ఉంది, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. స్టాంగ్ ముందు తలుపు తెరుస్తోంది.

బ్రెక్కే తన కారుని వాళ్ళ కారుకి అడ్డంగా ఆపాడు.

"ఇదేం పని?" అంది స్టాంగ్. "దారి వదలండి."

"ముందు ఇవి చూడండి." ఆయన ఓషిల్డ్ పెట్టెని కారుమీద పెట్టి మూత తీశాడు. "యాభయ్యో గుంట. ఆమె ఏ పెట్టెలోనూ యాభై పెట్టదు. ఒకటి విప్పి చూసుకుంటుంది. మీ జాబితాలో మూడు వందలని రాశారు. లెక్కపెట్టలేదు. పెట్టెలు లెక్కపెట్టి యాభైతో గుణించారు. నేనూ అదే చేసుండేవాణ్ణి. ఇదిగో నోటు పుస్తకం. స్వెర్రెకి వెళ్ళినవి నలభై తొమ్మిది. మీ దగ్గరున్నవి నలభై తొమ్మిది. ఆమెవి అన్నీ ఉన్నాయి."

స్టాంగ్ పుస్తకం తీసుకుంది. ఒక పేజీ చదివింది, మళ్ళీ మొదట్నించి చదివింది. పెట్టెలో చివరి గుంటమీద వేలు పెట్టి, తియ్యకుండా అలాగే ఉంచింది. కిటికీ అద్దంలోంచి ఓషిల్డ్ వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"అయితే పేలినది?" అంది స్టాంగ్ చివరికి.

"అతని జేబులోది. నూనె తూటా. హల్‌స్టైన్ చూశాడు. మీరు అడగని ప్రశ్నకి జవాబు చెప్పలేదంతే."

"ఎవరు నింపారు దాన్ని?"

బ్రెక్కే రేకు డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. "మీ దగ్గరున్న గుల్ల ముక్కల్ని వీటి పక్కన పెట్టి చూడమనండి. అడుగున ముద్ర సగమైనా కలుస్తుంది."

ఆమె మూతమీద రాత చదివింది. "ఇది ఎవరి చేతిరాత?"

"నాదే. నింపింది నేను. తాళం వెయ్యకుండా మర్చిపోయిందీ నేనే. నా ఇంట్లోంచే వెళ్ళింది. ముందు ఆ అమ్మాయిని దించండి. తరవాత అరెస్టు కాగితంమీద ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయండి. జడ్జి దగ్గరికి మీ కారులోనే వస్తాను."

మూడు రోజుల్లో మొదటిసారి స్టాంగ్ గొంతులో వెటకారం లేదు. "బ్రెక్కే గారూ, ఏం చెబుతున్నారో మీకు తెలుస్తోందా?"

"పూర్తిగా తెలీదు" అన్నాడు నిజాయితీగా. "ఇంకా తల తిరుగుతూనే ఉంది."

ఆమె వెనక తలుపు తెరిచింది. ఓషిల్డ్ దిగింది. ఎటు వెళ్ళాలో తెలియక కారు పక్కనే నిలబడింది. బ్రెక్కే నోటు పుస్తకాన్ని స్టాంగ్ చేతిలోంచి తీసుకుని ఓషిల్డ్‌కి ఇచ్చి, ఖాళీ అయిన ఆ సీట్లోకి ఒంగి ఎక్కాడు.

"ఆ తూటా స్వెర్రె జేబులోకి ఎలా వచ్చింది?" అంది స్టాంగ్, పెన్ను తీస్తూ. "మొదట్నించీ చెప్పండి."

"తొమ్మిదేళ్ళ కిందట నేను అతని దగ్గర ఒక తూటా అప్పు తీసుకున్నాను" అన్నాడు బ్రెక్కే. "కిందటి శనివారం ఉదయం తొమ్మిదీ పదికి అది తీరిపోయింది."